ఆదివారం పోయాల్సిన ఆయిల్

మామ పోయాడన్న కబురు శనివారం మధ్యాహ్నం వచ్చింది. తిరుపతిలో మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఫోన్ చేసింది మా అత్త తమ్ముడు. "పాపా, మీ మామ అన్నం తిని పండుకున్నాడు. కాఫీకి లేపితే లేవలేదు" అన్నాడు. వెంటనే డాక్టరుకు చూపించమని చెప్పబోయాను. "డాక్టరొచ్చి సూసి పోయినాడు పాపా. నువ్వు బయల్దేరి రా" అన్నాడు.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. మామ అమ్మకు స్వయానా అన్న. అమ్మ వెంటనే ఏడవలేదు. నా మొహంలోకి చూసి, "ఈ పొద్దు శనివారం గదా మే" అంది. ఆ తర్వాతే ఏడ్చింది. మా వైపు శనివారం చావంటే జనానికి ఒక దిగులు. ఆ రోజు పోయిన మనిషి తోడు కోసం వెనక్కి తిరిగి చూస్తాడని నమ్ముతారు. ఆ ఇంట్లో తోడుగా పోవడానికి ఎవరున్నారో అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. మా అత్తకు గుండెలో వాల్వు చెడి ఏళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు. చిత్తూరులో ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఎప్పుడూ కంపెనీ బస్సులో పోయే మా ఆయన ఆ రోజు మా కారు తీసుకుని తడ దగ్గరి ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళి ఉన్నాడు. అమ్మా నేనూ బస్సెక్కాం. మామిడి సీజను చివరి రోజులు. చంద్రగిరి దాటి కొంత దూరం పోగానే జ్యూస్ ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి బారులు తీరి ఉన్నాయి. బస్సు కదిలితే కదిలినట్టు, ఆగితే ఆగినట్టు. మగ్గిన కాయల వాసన కిటికీలోంచి లోపలికి కొడుతోంది. ఆ దారి పొడుగునా నాకు మామ చెప్పిన మాటలే గుర్తొచ్చాయి. వాటిలో సగం ఇంజన్ ఆయిల్ గురించినవి. మేనమామ పోతే ఇంజన్ ఆయిల్ గుర్తుకొచ్చే మేనకోడలు లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కాబట్టి ఈ నాలుగు మాటల్లో మామ కంటే ఆయిలే ఎక్కువగా కనబడితే నన్ను తిట్టుకోకండి. కారున్నవాళ్ళకు కొంచెం పనికొస్తుంది. లేనివాళ్ళు ఓపిక పట్టండి, మామ దాని వెనకాలే ఉన్నాడు.

మామ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. పొడవు మనిషి, మాట మెల్లన, నవ్వు ఇంకా మెల్లన. ఆయనకు సినిమాలు పట్టవు, రాజకీయాలు పట్టవు, పేకాట రాదు. ఉన్నదొకటే పిచ్చి, ఆ తెల్ల సెడాన్ కారు. అది చూసి బంధువులు "ఆయనకు కారే బిడ్డ" అని నవ్వేవాళ్ళు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. కానీ మామకు కారంటే ప్రేమ లేదు. ఉన్నది భయం. అత్తకు ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరితే గంటలోపల వేలూరు పెద్దాసుపత్రిలో ఉండాలి. చిత్తూరు నుంచి వేలూరుకు ఆ ఒక్క రోడ్డు, ఆ ఒక్క కారు, మధ్యలో అత్త ఊపిరి. ఆయన బతుకులో మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ భయానికి ఒక కథ ఉంది. మామ దాన్ని నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నేను కారు కొన్న రోజున. సెడాన్‌కు ముందు వాళ్ళకొక పాత కారు ఉండేది. అప్పట్లో మామ అందరిలాగే మెకానిక్ చెప్పిన ఆయిల్ పోయించేవాడు. ఒక శనివారం కాలేజీ లేకపోతే, బజారుకు పోయి ఒక షాపతను డబ్బాలోంచి పోసిచ్చిన విడి ఆయిల్ తెచ్చి, అదే రోజు పోయించాడు. వారం తిరక్కుండానే అత్తకు ఆయాసం వచ్చింది. వేలూరుకు బయల్దేరారు. గుడిపాల దాటాక డాష్‌బోర్డు మీద నూనె బొట్టు గుర్తున్న ఎర్ర దీపం వెలిగింది. ఇంకొంచెం దూరమే గదా అని మామ ఆపకుండా పోనిచ్చాడు. ఇంజను లోపల ఏదో గరగరమని, పట్టేసింది. ఎండలో, రోడ్డు పక్కన, అత్త వెనక సీట్లో చేప నోరు తెరిచినట్టు నోరు తెరుస్తూ ఉంటే, ఆయన రోడ్డు మధ్యలో నిలబడి వచ్చిన ప్రతి బండికీ చేతులు జోడించాడట. చివరికి ఒక లారీ ఆపింది.

"ఆ ఎర్ర దీపం హెచ్చరిక అనుకుంటారు పాపా అందురూ. కాదు. అది ఎలిగేటప్పటికే లోపల జరగాల్సింది జరిగిపోతా ఉంటాది. అది సావు కబురు" అన్నాడు నాతో. కొత్త కారు కొన్న సంబరంలో స్వీటు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను నేను. శుభమా అని కారు కొంటే ఈయనేం మాటలు చెబుతున్నాడని మా ఆయన మొహం మాడ్చుకున్నాడు.

ఆ సంగతికి కారణం ఏమిటన్న దగ్గర మొగుడూ పెళ్ళాలు ఎప్పుడూ ఏకం కాలేదు. మామ లెక్క ప్రకారం తప్పు విడి ఆయిల్‌ది. ఎవరో దించేసిన పాత ఆయిల్‌ను వడగట్టి మళ్ళీ డబ్బాకెత్తి అమ్మారు. అత్త లెక్క ప్రకారం తప్పు శనివారానిది. శనివారం నూనె కొనకూడదు, ఇంట్లోకి తేకూడదు. నువ్వుల నూనెకు లేని మినహాయింపు ఇంజన్ ఆయిల్‌కు ఎక్కడినుంచి వచ్చింది? "నూనె నూనేగా. శనేశ్వరుడు డబ్బా మీద పేరు సదువుతాడా?" అనేది అత్త. కెమిస్ట్రీ చదివినాయన దీనికి జవాబు చెప్పలేకపోయాడో, చెప్పడం ఇష్టంలేకపోయిందో. అత్త భయపడితే ఊపిరి ఎగబోస్తుంది. అందుకని వాదించడం మానుకుని ఒక పద్ధతి పెట్టాడు.

ఆ పద్ధతి ఇదీ. శనివారం నూనె ఇంట్లోకి రాకూడదు గానీ ఇంట్లోంచి పోవచ్చు. పోతే మంచిదే, దానంలాగా. కాబట్టి కొత్త డబ్బా శుక్రవారమే కొనిపెట్టుకోవాలి. శనివారం పొద్దున ఇంజను కాస్త వేడి చేసి, కింద బోల్టు విప్పి, పాత ఆయిల్ పళ్ళెంలోకి దించాలి. బోల్టు పెట్టకుండా ఆ పగలూ రాత్రీ అట్లాగే వదిలెయ్యాలి. కొత్త ఆయిల్ పోసేది ఆదివారం పొద్దున. అత్తకు శని వదిలిపోతుంది. మామకు ఇంజను కింద ఆయిల్ నిలిచే చాంబరు అడుగునున్న మడ్డి చివరి చుక్క దాకా కారిపోతుంది. "ఎవురి కారణం వాళ్ళది. టైంటేబుల్ మాత్రం ఇద్దురికీ ఒకటే" అని మెల్లగా నవ్వేవాడు. రిటైరయ్యాక ఆయనకు వారంలో అన్ని రోజులూ ఒకటే అయినా ఆ శని ఆదివారాల పద్ధతి మారలేదు.

"మరి ఆ ఒక్క రాత్రి అత్తకు వస్తే?" అని అడిగాను ఒకసారి. కారు కడుపు ఖాళీగా, బోల్టు బయట, అత్త లోపల. మామ దానికీ ఏర్పాటు చేసుకున్నాడు. "ఆ రాత్రి నేను నిద్రబోను పాపా. మధ్యాన్నమే ఒక కునుకు తీసేస్తాను. రాత్రంతా మీ అత్త పక్కన కుర్చీ ఏసుకోని కూసుంటాను. కొంచిం తేడా వచ్చినా బోల్టు బిగించి పోసేదానికి ఎంతసేపు?" అన్నాడు. పొరపాటున ఎవరూ బండి తియ్యకుండా తాళం తన చొక్కా జేబులోనే పెట్టుకునేవాడు. అంత జాగ్రత్త మనిషి అన్నీ ఆలోచించాడు, తాను ఉండకపోవచ్చునన్నది తప్ప. దీనికి నాకు ఇవాళ్టికీ ఆయన మీద కోపంగా ఉంది. కోపం ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు.

ఏ ఆయిల్ పోయాలన్న దగ్గర మామ మాట ఖరాఖండి. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే. మా ఎండలు చూసి మెకానిక్కులు చిక్కటి ఆయిల్ పొయ్యమంటారు. మా తిరుపతి షెడ్డులో కూడా "ట్వంటీ ఫిఫ్టీ పోసుకో మేడం, మన ఎండలకు పల్చటిది నీళ్ళయిపోతాది" అన్నారు. మామకు ఫోన్ చేసి చెబితే ఆయన పాఠం మొదలుపెట్టాడు. "చలికాలం పొద్దున్నే గిన్నెలో నెయ్యి సూసినావా? వంచినా కదల్దు. చిక్కటి ఆయిలూ అంతే. రాత్రంతా ఆగిన బండికి తాళం తిప్పినప్పుడు ఆయిలంతా అడుగున ఉంటాది. అది పైకెక్కేదాకా ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. ఇంజను జాస్తిగా అరిగేది రోడ్డు మీద కాదు పాపా, ఆ మొదటి ఊపిరిలోనే. పల్చటిది తొందరగా ఎక్కుతాది. నీ కారు పుస్తకంలో ఫైవ్ డబ్ల్యూ థర్టీ అని ఉంటే ఫైవ్ డబ్ల్యూ థర్టీయే." మరి ఎండకు పలచబడదా అంటే, వేడికి ఎంత నిలబడాలో చెప్పేది ఆ రెండో అంకె అనీ, కారు చేసినవాళ్ళు మన ఎండలు చూసే రాశారనీ చెప్పాడు. కారు బాగా పాతబడి ఆయిల్ తాగడం మొదలుపెడితే అప్పుడు వేరే మాట.

మూత సీలు లేని డబ్బా ఆయన ముట్టుకునేవాడు కాదు. ఖాళీ అయిన డబ్బాను చెత్తలో వేసే ముందు మేకుతో అడుగున తూటు పొడిచేవాడు, ఎవరూ మళ్ళీ నింపి అమ్మకుండా. ఆ పొడవడం చూస్తే ఆయన మెత్తనైన మనిషేనా అనిపించేది. పెదాలు బిగించి, ఒక్క పోటు. గుడిపాల రోడ్డు మీది ఎండ ఆయనకు అప్పుడు గుర్తొచ్చేదేమో.

ఎప్పుడు మార్చాలన్నది ఇంకో పాఠం. పుస్తకంలో పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. మనవాళ్ళు ఆ కిలోమీటర్లే చదువుతారు, ఏడాది అన్నది కళ్ళకు ఆనదు. మా కారు ఇంటినుంచి స్కూలుకు, స్కూలునుంచి రైతుబజారుకు తప్ప తిరగదు. ఏడాదిన్నర అయినా కిలోమీటర్లు నిండలేదని మేం నిశ్చింతగా ఉన్నాం. మామ ఒకసారి తిరుపతి వచ్చి, మా ఆయన చాచిన చేతికి సంచి ఇచ్చి, నేరుగా పోయి బానెట్ ఎత్తాడు. "మీ మామ నాకంటే ముందు దాన్ని పలకరిస్తాడు" అని మా ఆయన గొణిగాడు. మామ ఆయిల్ పోసే మూత విప్పి, దాని లోపలివైపు నాకు చూపించాడు. మజ్జిగ మీద తేలిన నురగ లాంటిది అంటుకుని ఉంది.

"సూడు పాపా. నీళ్ళు. దగ్గిర దగ్గిర తిరిగే బండికి ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరై పోదు, ఆయిల్లోనే ఉండిపోతాది. పెట్రోలు కూడా కొంచిం కొంచిం దిగతాది. తిరిగే బండి కంటే తిరగని బండికే ఆయిల్ ముందు చెడతాది. పుస్తకంలో సన్నక్షరాల్లో రాసినారు, దుమ్ములో, ఎండలో, దగ్గిర దూరాలు తిరిగేవాళ్ళు సగానికే మార్చమని. మనం ఆ మూడూ చేస్తా ఉండాం" అన్నాడు. ఆయిల్ నల్లబడిందని నేను అంటే దానికి మాత్రం నవ్వాడు. నల్లబడితే అది పని చేస్తున్నట్టే, మసిని తనలోకి తీసుకుంటున్నట్టే. భయపడాల్సింది నురగ చూసి, పెట్రోలు వాసన చూసి, ఆయిల్ కొలిచే పుల్ల మీద మట్టం గీత కిందికి దిగడం చూసి. అలాగని గీత దాటి పోసినా తప్పే. ఫిల్టరు ప్రతిసారీ మార్చాల్సిందే.

ఆ రోజునుంచి మాకొక శిక్ష వేశాడు. వారానికోసారి బండిని ఆపకుండా పుత్తూరు దాకా తోలి తిరిగి రావాలి, ఇంజను ఒళ్ళు కాగేట్టు. ఆదివారం వస్తే మేం పుత్తూరు పోయేవాళ్ళం. ఎముక విరిగినవాళ్ళు కట్టు కోసం పోయే ఊరికి మేం ఏ ఎముకా విరగకుండా ఎందుకు పోతున్నామో వీధిలో వాళ్ళకు అర్థమయ్యేది కాదు. అక్కడ టీ తాగి, మామకు ఫోన్ చేసి, "కాగింది మామా" అని చెప్పాలి. "మంచిది" అని పెట్టేసేవాడు. ఇప్పుడు పుత్తూరులో టీ తాగి ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియదు.

నా చేతులతో నేనే ఆయిల్ మార్చుకోవడం నేర్పింది కూడా మామే. కారు కింద పడుకోబెట్టి, బోల్టు ఏ వైపు తిప్పాలో, ఎంత బిగువు చాలో, పాత రాగి వాషరు ఎందుకు మళ్ళీ వాడకూడదో చెప్పాడు. "ఆడపిల్లకు ఇదేం పని" అని అమ్మ అంటే, "దారిలో ఆగిపోయినప్పుడు ఆడా మగా అని సూసి ఆగదు గదా" అన్నాడు. నాకు అప్పుడు విసుగొచ్చింది. కాళ్ళు ఎండలో, తల కారు కింద, చీర కొంగు నిండా నూనె. మామా, నీకు దండం పెట్టాల్సింది ఆ రోజే.

బస్సు చిత్తూరు చేరేసరికి ఎండ వాలింది. వరండాలో మామను పడుకోబెట్టి ఉన్నారు. నుదుట విబూది. పొద్దున్నే గీసుకున్న గడ్డం నున్నగా ఉంది. పక్కనున్న షెడ్డులో కారు గేటు వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. బానెట్ మూసి ఉంది. దాన్ని నేను అప్పుడు సరిగ్గా చూడనుకూడా లేదు. అత్త మామ తల దగ్గర కూర్చుని, ఎవరు ఏడ్చినా వాళ్ళ వైపు చూస్తోంది గానీ తాను ఏడవడం లేదు. నన్ను చూసి, "మధ్యాన్నం ఒక కునుకు తీస్తానన్నాడు" అని మాత్రం అంది. ఆ మాట వినగానే నాకు తట్టి ఉండాలి. తట్టలేదు. శవం ముందు కూర్చున్నప్పుడు ఎవరికి ఏది తడుతుంది?

కాసేపటికి అత్త మాట ఆగిపోయింది. రెండు చేతులూ నేలకు ఆనించి ముందుకు వంగి కూర్చుంది. పక్కింట్లో ఉండే రిటైరైన నర్సమ్మ వచ్చి వీపు మీద చెవి పెట్టి విని, "నీళ్ళు చేరతా ఉండాయి. ఈడ పెట్టుకోవద్దండి. ఇప్పుడే వేలూరికి తీసకపోండి" అంది. ఏడుస్తున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఆగి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ శనివారం అన్న మాట అనలేదు. అనక్కర్లేకపోయింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో కేసు మీద దూరం పోయి ఉందన్నారు. "మన బండి ఉండంగా ఎందుకు?" అని అత్త తమ్ముడు లోపలికి పోయాడు. చిలక్కొయ్యకు తగిలించిన మామ చొక్కా జేబులోంచి తాళం తీసుకొచ్చాడు. అందరమూ కలిసి అత్తను ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఆమె కాళ్ళు తన్నుకుంటోంది. "వద్దు" అంటోంది. "ఆ బండి వద్దు." ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట. అమ్మ ఏడుస్తూ, "వదినా, నువ్వొచ్చేదాకా అన్నను కదిలించము, నా మాట నమ్ము" అని ఒట్టు పెట్టింది. అత్త తల అడ్డంగా ఊపింది. మొగుణ్ణి వదిలి రాలేకపోతోందని మేమందరం అనుకున్నాం. వేరే ఎవరైనా ఏమనుకుంటారు?

అత్త నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా. "ఆయిల్ లేదు" అంది.

ముందు సీట్లోంచి అత్త తమ్ముడు మీటరు చూసి, "ముల్లు సగానికి పైనే ఉండాదక్కా, పోయి రావచ్చు" అన్నాడు. ఆయన చూస్తున్నది పెట్రోలు ముల్లు. తాళం అప్పటికే ఒక మెట్టు తిరిగింది. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. వాటి మధ్యలో ఎర్రగా ఆ నూనె బొట్టు గుర్తు.

"చిన్నాయనా, తిప్పొద్దు!" అని ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు. వరండాలో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేను నేల మీద బోర్లా పడి కారు కిందికి చూశాను. పళ్ళెం నిండా నల్లటి ఆయిల్. పక్కన మడిచిన పేపరు మీద బోల్టు, దాని పక్కన కొత్త వాషరు. మామ చేతులు ఎంత పొందికగా పెట్టాయో అంత పొందికగా.

ఆ బండి స్టార్టయ్యేది. నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది అదే. స్టార్టు కాకపోతే భయం లేదు. అది మంచి ఇంజను, ఒక్క తిప్పుకే అందుకునేది. ఆయిల్ చుక్క లేకుండా వీధి దాటేది, ఊరు దాటేది. తర్వాత మనిషి కంటపడని ఏదో మలుపులో గరగరమని పట్టేసేది. వెనక సీట్లో అత్త.

అప్పటికప్పుడు బోల్టు పెట్టి, ఫిల్టరు ఎక్కించి, ఆయిల్ పోసేంత వ్యవధి అత్త ఊపిరికి లేదు. నర్సమ్మ నా మొహం చూసి లాభం లేదన్నట్టు తల ఊపింది. సాయంత్రం పాలు ఎత్తే వ్యాను వీధి చివర ఆగి ఉంది. అత్త తమ్ముడు పరుగెత్తాడు. వ్యాను అతను క్యాన్లన్నీ రోడ్డు పక్కన దించేసి, "ఎక్కించండమ్మా, పాలు యాడికి పోతాయి" అన్నాడు. డ్రైవరు పక్కన అత్త, అత్తను నిటారుగా పట్టుకుని నేను, వెనక క్యాన్ల జాగాలో అత్త తమ్ముడు. తలుపు వేస్తుంటే అత్త కళ్ళు వరండా వైపే ఉన్నాయి. గుడిపాల దాటుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను.

వేలూరులో సూదులు వేసి, మాస్కు పెట్టి, నీళ్ళు దించారు. తెల్లారేసరికి అత్త మనిషయింది. కదల్చడానికి వీల్లేదన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే, ఈ ఎండల్లో మామను ఉంచడానికీ వీల్లేదన్నారు. అమ్మ పెట్టిన ఒట్టు గాలికి పోయింది. అత్త దగ్గర ఆమె తమ్ముణ్ణి ఉంచి నేను ఆదివారం పొద్దున చిత్తూరుకు తిరిగొచ్చాను.

మామను తీసుకుపోయేటప్పుడు పెద్దవాళ్ళు పాడెకు ఒక కోడిపిల్లను కట్టారు. శనివారం పోయినవాళ్ళకు మా వైపు అట్లా కడతారు. ఆ తోడు అదే అయితే, పోయిన మనిషి ఇంకెవరి జోలికీ రాడని. అది కీచుకీచుమంటూనే ఉంది. మామ చూసి ఉంటే నవ్వేవాడు, తర్వాత దాన్ని విప్పించేవాడు. నేను విప్పమనలేదు. వేలూరులో అత్త ఉంది. ఆ వేళ నేను ఏ సైన్సూ మాట్లాడదలుచుకోలేదు.

వాళ్ళు తిరిగొచ్చి స్నానాలు చేస్తుంటే నేను షెడ్డులోకి పోయాను. "సావింట్లో ఇప్పుడు బండి పనేంది మే, నీకు బుద్ధి ఉండాదా?" అని ఒక ముసలాయన కసిరాడు. "అత్తను ఇంటికి తేవాల్సింది ఈ బండే తాతా, మీరా?" అన్నాను. గయ్యాళి అనుకోనీ. కారు కింద దూరి వాషరు వేసి బోల్టు బిగించాను. కొత్త ఫిల్టరు అంచుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే తిప్పాను. శుక్రవారం తెచ్చిన డబ్బా సీలు విప్పి కొంచెం కొంచెంగా పోసి, ఆగి, పుల్ల తీసి చూసి, మళ్ళీ పోశాను. కళ్ళు మసకబారి గీత కనబడక రెండు సార్లు చూడాల్సి వచ్చింది. తాళం తిప్పాను. ఎర్ర దీపం వెలిగి, ఒక్క క్షణం నిలిచి, ఆరిపోయింది. ఇంజను మీద చెయ్యి పెట్టుకుని అప్పుడు ఏడ్చాను, మామ కోసం మొదటిసారి.

ఆ సాయంత్రమే ఆ కారులో వేలూరు పోయాను. దారిలో ఒక్క చిన్న శబ్దం కూడా చెయ్యలేదు బండి.

అత్త మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మాస్కు తీసేశారు. "తీసకపోయినారా?" అంది. అవునన్నాను. అమ్మ పెట్టిన ఒట్టు సంగతి అత్త ఎత్తలేదు. నా చెయ్యి తీసుకుని గోళ్ళ వైపు చూసింది. ఎంత తోమినా నలుపు పోలేదు.

"పోసినావా?"

"పోసినాను అత్తా."

"లైటు ఆరిందా?"

"ఆరింది."

నా వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఊపిరి బాగానే ఆడుతోంది. నేను కాస్త తేలికపడి, రేపో ఎల్లుండో ఇంటికి పోదామని ఏదో చెబుతున్నాను. ఆమె మధ్యలో అందుకుంది.

"పాడెకి కోడిపిల్లను కట్టినారా?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. నోరు రాలేదు. కట్టారన్నాను.

"ఎవురు కట్టమన్నారు? నన్నొక మాట అడగొద్దా?" అంది అత్త. కోపంగా కాదు. బస్సులో తాను గుడ్డ వేసి పెట్టుకున్న సీట్లో ఇంకెవరో కూర్చుంటే అడిగినట్టు అడిగింది.

ఆమె నా చెయ్యి వదల్లేదు గానీ నా వైపు చూడనూ లేదు. ఆమె చూపు వార్డు తలుపు మీద ఉంది. ఎవరు తలుపు తోసుకుని లోపలికి వచ్చినా, అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని, లేవడానికన్నట్టు కాళ్ళు రెండూ మంచం దిగువకు జరుపుకుంటోంది.